ప్రోటాగొరాసు

ప్రోటాగొరాసు క్రీ. పూ. 490 ప్రాంతమున థ్రేసు తీరమందలి అబ్డెరా పట్టణమున జన్మించెను. గ్రీసు నగరములఁ దిరుగుచు, యువకులకు వక్తృత్వమును రాజ్యవ్యవహారములను బోధించుచు, ఆ వృత్తియందే సుమారు నలువదియేండ్లు గడపెను. విద్యకు వెల గట్టెనని కొంద ఱతనిని నిందించిరి. అయినను శిష్యుఁడు వేతన మధికమని తలఁచినచో, దేవాలయమునకుఁ బోయి, తాను నేర్చిన దెంత వెల చేయునో ప్రమాణము చేసి యంతియే యొసఁగవచ్చునని యతని నియమము.

ఆ నియమమునందే యతని సిద్ధాంతము గానవచ్చుచున్నది. ఎవ్వనికిఁ దోఁచినది వానికి సత్యమని యతని మతము. ఒకే గాలి యొకనికిఁ జలి గొల్పును, వేఱొకనికి గొల్పదు. ఇరువురిలో నెవ్వఁడును బొంకుట లేదు. అట్లే యొక నగరమునకు న్యాయమని తోఁచినది, అట్లు తోఁచినంతకాలము, ఆ నగరమునకు న్యాయమే యని ప్లేటో దీనిని వివరించెను.

ఏథెన్సు నాయకుఁడగు పెరిక్లీసు ఇతని మిత్రుఁడు. క్రీడలలో ఈటె తగిలి యొకఁడు మరణింపఁగా, దోషము ఈటెదా, విసరినవానిదా, క్రీడాధికారులదా యని వారిరువురును దినమంతయుఁ జర్చించిరని ప్లూటార్కు వ్రాసెను. పెరిక్లీసు కుమారుఁడు దీనిని జెప్పి పరిహసించెనఁట. న్యాయవాదులమగు మాకది పరిహాసాస్పదముగాఁ దోఁపదు. ఒకే మరణమునకు వైద్యుఁడు చెప్పు కారణము వేఱు, న్యాయాధిపతి చెప్పు కారణము వేఱు. సత్యవంతులగు సాక్షు లిరువురు విరుద్ధముగాఁ జెప్పుటయు మేమెఱుఁగుదుము. కాని తుదకుఁ దీర్పొక్కటియే కావలయును.

క్రీ. పూ. 444 ప్రాంతమున ఇటలీయందు నెలకొన్న థూరీ నగరమునకు శాసనములు రచించినవాఁ డితఁడే యని ప్రాచీనులు చెప్పిరి. అన్ని తలంపులును సమముగా సత్యములైనచో, ఒక శాసనము వేఱొకదానికంటె నెట్లు మేలగును? ప్రోటాగొరాసు పొరపడెనను తలంపును సత్యమే కావలయుఁగదా యని ప్లేటో యడిగెను. మేము వేఱొకటి యడుగుదుము. నగరమునకుఁ దోఁచినదే న్యాయమైనచో, ఆ నగరమందలి బానిసకుఁ దోఁచినదాని నెవ్వరు లెక్కించిరి? నగరమని చెప్పునపుడు బలవంతుల తలంపే లెక్కకు వచ్చుచున్నది.

దేవత లున్నారో లేరో తా నెఱుఁగజాలనని యితఁడు వ్రాసెను. అందులకై ఏథెన్సువారు ఇతని గ్రంథములఁ గాల్చి వెడలఁగొట్టిరనియు, సముద్రమున మునిఁగి మరణించెననియు నొక కథ గలదు. ప్లేటో మాత్ర మితని కీర్తి చెడలేదని వ్రాసెను. కథ నిజమైనను గాకున్నను, గ్రంథములఁ గాల్చువారికి సంశయముండదని మన మెఱుఁగుదుము. సంశయము గలవాఁడు ప్రతిపక్షమును వినును. ఆ గుణము నితనివలన గ్రహింపవలసినదే. కాని తన చూపు పొరపడవచ్చునని యొప్పుకొనుటకుఁ దన చూపునకు వెలుపల సత్యమొకటి యుండవలయును. అది లేదన్నచోఁ బొరపాటును లేదు, దానిని దిద్దుకొనుటయు లేదు.