లెక్క చూసి మాట్లాడే మనిషి: చింతామణి దేశ్‌ముఖ్ గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమన్నారు. నాకు వెంటనే తోచినది చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారు. మన నందిగాం, టెక్కలి వైపు పెద్దలు ఆయనను దుర్గాబాయమ్మగారి భర్తగానే ఎక్కువగా ఎరుగుదురు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు ఆయనే.

1896 జనవరి 14న కొంకణంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం చదివి, 1918లో ఐ.సి.యస్. పరీక్షలో ప్రథములుగా నెగ్గారు. మధ్యపరగణాలలో సెటిల్‌మెంటు ఆఫీసరుగా కూడా చేశారు. అంటే జమాబందీ, శిస్తు, రైతు అప్పు ఆయనకు కాగితం మీది మాటలు కావు. 1939లో రిజర్వు బ్యాంకుకు వచ్చి, 1943 ఆగస్టు 11న గవర్నరయ్యారు. మరుసటి ఏడు బ్రెటన్‌వుడ్స్ మహాసభకు వెళ్లిన మన బృందంలో ఆయన ఉన్నారు. దేశ విభజన వేళ బ్యాంకు ఆస్తుల పంపకం కూడా ఆయన హయాంలోనే జరిగింది.

నాకు ముఖ్యమనిపించేది వేరొకటి. 1945లో బ్యాంకులో పరిశోధన, గణాంకాల శాఖ ఏర్పడింది. 1947 జనవరి నుండి నెలనెలా బులెటిన్ వెలువడసాగింది. స్టేట్‌మెంట్లు పంపి పంపి విసిగిన మన గుమాస్తాలకు ఇది చిన్న సంగతిగా తోచవచ్చు. కాని ఆ అంకెలన్నీ ఒకచోట చేరితేనే గదా దేశం సంగతి తెలిసేది!

1950లో ఆయన కేంద్ర ఆర్థికమంత్రి అయ్యారు. రిజర్వు బ్యాంకు 1951లో మొదలుపెట్టిన గ్రామీణ పరపతి సర్వే 75 జిల్లాలలో 600 గ్రామాలు తిరిగింది. 1954లో వచ్చిన నివేదిక ప్రకారం, రైతు తెచ్చిన నూరు రూపాయల అప్పులో సహకార సంఘాలు ఇచ్చినది సుమారు మూడు రూపాయలు. వడ్డీవ్యాపారులు ఇచ్చినది డెబ్బయికి దగ్గర. జీడి, కొబ్బరి కాపు ఇంటికి రాకముందే షావుకారు గడప ఎక్కిన ఉద్దానం రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు. కాని ఢిల్లీకి చెప్పవలసి వచ్చింది. ఆ నివేదిక సిఫారసు మీదనే ఇంపీరియల్ బ్యాంకు 1955 జూలై 1న స్టేట్ బ్యాంకు అయింది. అయిదేళ్లలో 400 కొత్త శాఖలు తెరవాలని దానికి షరతు పెట్టారు. మనలో అనేకుల పింఛను పడేది ఆ బ్యాంకులోనే.

1956 జనవరిలో జీవిత బీమాను ప్రభుత్వం తీసుకున్నట్లు రేడియోలో ప్రకటించినదీ ఆయనే. ఆ జూలైలోనే, బొంబాయి నగరాన్ని మహారాష్ట్రకు కాకుండా చేయడం సమ్మతం కాక, మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. మళ్లీ మంత్రి కాలేదు. అంతటి పదవిని మాట కోసం వదలుకొనడం, ముప్ఫయ్యేళ్లు పైవారి సంతకం కోసం నిలబడిన నాబోటివాడికి ఆశ్చర్యమే. తరువాత యు.జి.సి. అధ్యక్షులుగా, ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1969లో రాష్ట్రపతి ఎన్నికలకు నిలబడి ఓడారు. గెలిచినవారు మన పొరుగున బరంపురంలో పుట్టిన గిరిగారు.

దుర్గాబాయమ్మగారితో వివాహం 1953 జనవరి 22న జరిగింది. నెహ్రూగారు సాక్షి సంతకం చేశారు. 1975లో దంపతులిద్దరికీ పద్మవిభూషణ్ వచ్చింది. ఆయన సంస్కృతంలో కవిత్వం చెప్పేవారు, మేఘదూతాన్ని మరాఠీ చేశారు. 1981లో అమ్మగారు పోయారు. మరుసటి ఏడు అక్టోబరు 2న హైదరాబాదులో ఆయనా కన్నుమూశారు.