చీకటి వీధుల చిత్రకారుడు – సర్ కరోల్ రీడ్

హత్యా పరిశోధన కథ అనగానే దోషి ఎవరన్న ప్రశ్న మన మనస్సులో మెదలుతుంది. సమాధానము దొరకగానే కథ ముగుస్తుంది. కాని ఆ దోషి మన ప్రాణమిత్రుడే అయితే? అతనిని కాపాడవలెనా, చట్టానికి అప్పగించవలెనా? ఈ ధర్మసంకటాన్ని వెండితెరపై నిలిపి, నేర కథకు ఉత్తమ సాహిత్య గౌరవము సంపాదించిన ఆంగ్ల దర్శకుడు సర్ కరోల్ రీడ్. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు సంగ్రహముగా పరిచయము చేయదలచినాము.

రీడ్ 1906 డిసెంబరు 30వ తేదీన లండన్ నగరములోని పట్నీలో జన్మించినాడు. తండ్రి హెర్బర్ట్ బీర్బోమ్ ట్రీ ఆనాటి ఆంగ్ల రంగస్థలములో సుప్రసిద్ధ నటుడు, నాటకశాలాధిపతి. ఆయనకు వేరొక సంసారము ఉన్నది. రీడ్ తల్లిని ఆయన వివాహమాడలేదు. కుమారునికి తండ్రి కళ వారసత్వముగా వచ్చినదే గాని, తండ్రి పేరు రాలేదు. 1917లో ఆ తండ్రియు కన్నుమూసినాడు. పెద్దల రహస్యముల నడుమ పెరిగే పసిమనస్సును రీడ్ ఎరుగుననుట అతిశయోక్తి కాదు.

చదువు ముగిసిన పిదప ఆయన నటుడై రంగమెక్కినాడు. అపరాధ రచయిత ఎడ్గార్ వాలెస్ వద్ద చేరి, ప్రేక్షకుని ఉత్కంఠతో కూర్చోబెట్టే విద్య నేర్చినాడు. 1932లో వాలెస్ మరణించగా చలనచిత్ర రంగములో స్థిరపడి, 1935 నాటికి దర్శకుడైనాడు. యుద్ధకాలములో గార్సన్ కానిన్‌తో కలిసి రూపొందించిన ‘ది ట్రూ గ్లోరీ’ ఆస్కార్ బహుమతి పొందినది.

యుద్ధానంతరము వరుసగా వచ్చిన మూడు చిత్రములు ఆయన కీర్తికి మూలస్తంభములు. 1947 నాటి ‘ఆడ్ మ్యాన్ అవుట్’లో, దోపిడి సమయాన ఒకరిని చంపి తానును గాయపడిన విప్లవ నాయకుడు ఉత్తర ఐర్లండు నగర వీధులలో ఆశ్రయము కోసము తిరుగుతాడు. 1948 నాటి ‘ది ఫాలెన్ ఐడల్’లో, రాయబారి ఇంట ఒంటరిగా పెరిగే బాలుడు, తాను ఆరాధించే సేవకుడు భార్యను చంపినాడని భ్రమపడి, అతనిని కాపాడుటకు అబద్ధములాడుతాడు. ఆ అబద్ధములే సేవకుని మెడకు ఉచ్చు బిగిస్తాయి.

మూడవది 1949 నాటి ‘ది థర్డ్ మ్యాన్’. గ్రాహమ్ గ్రీన్ రచన. నాలుగు దేశాల సేనలు పంచుకొన్న వియన్నాకు మార్టిన్స్ అను రచయిత మిత్రుడు లైమ్‌ను వెదకుకొంటూ వస్తాడు. లైమ్ కారు ప్రమాదములో మరణించినాడని తెలుస్తుంది. శవమును మోసినవారు ఇద్దరని కొందరు, ముగ్గురని ఒకడు చెబుతారు. ఆ మూడవవాడు ఎవరని శోధించగా లైమ్ బ్రతికే ఉన్నాడని తేలుతుంది. పెన్సిలిన్ మందును పలుచన చేసి దొంగచాటుగా అమ్మి, పసిపిల్లల బ్రతుకులను బలిగొన్నవాడు అతడే. ఆసుపత్రిలో ఆ పిల్లలను చూచిన మార్టిన్స్, చివరకు భూగర్భ మురుగు కాలువలలో తన చేతితోనే మిత్రుని కాల్చవలసి వస్తుంది.

రీడ్ శిథిల వియన్నాలోనే చిత్రీకరణ జరిపి, కెమెరాను ఏటవాలుగా నిలిపి, లోకమే ఒరిగిపోయినట్లు చూపినాడు. ఆ నగరములోనే పరిచయమైన ఆంటన్ కరాస్ చేత జిథర్ వాద్యము ఒక్కటే వాయింపజేసినాడు. ముగింపులో లైమ్ ప్రేయసి మార్టిన్స్‌తో కలిసి నడవాలని గ్రీన్ తలచినాడు. అప్పుడే పూడ్చిన సమాధి వద్ద అట్టి సుఖాంతము అసత్యమని రీడ్ పట్టుబట్టినాడు. ఆమె పొడుగాటి శ్మశాన బాటలో నడచివచ్చి, అతని వంకైనా చూడక సాగిపోతుంది. న్యాయము చేసినవానికి ప్రతిఫలము దక్కలేదు. రీడ్ నిర్ణయమే సరియైనదని గ్రీన్ తరువాత అంగీకరించినాడు.

1952లో రీడ్‌కు సర్ బిరుదము లభించినది. తరువాతి చిత్రములన్నీ ఆ స్థాయిని అందుకోలేదు. అయినను, అనాథ బాలుని కథయైన 1968 నాటి ‘ఆలివర్’ ఆయనకు ఉత్తమ దర్శకునిగా ఆస్కార్ తెచ్చినది. 1976 ఏప్రిల్ 25న ఆయన లండన్‌లో మరణించినాడు. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎంపికలో ‘ది థర్డ్ మ్యాన్’ ఉత్తమ బ్రిటిష్ చిత్రముగా ప్రథమ స్థానము పొందినది.

స్నేహము గొప్పదే, ముక్కు మొగము ఎరుగని పసివాని ప్రాణము అంతకన్న గొప్పది. ఈ సత్యమును ఉపన్యాసము లేకుండ, ఓదార్పు మాట లేకుండ చెప్పగలుగుటయే రీడ్ మహత్త్వమని మేము భావిస్తున్నాము.