నందలాల్ బోస్

నందలాల్ బోస్ (డిసెంబర్ 3, 1882 - ఏప్రిల్ 16, 1966) ఆధునిక భారతీయ చిత్రకళకు పునాదులు వేసినవారిలో ఒకడైన చిత్రకారుడు, ఉపాధ్యాయుడు. ఈయన అవనీంద్రనాథ్ టాగూర్ శిష్యుడు. రవీంద్రనాథ్ టాగూర్ శాంతినికేతన్‌లో స్థాపించిన కళాభవనానికి 1922 నుండి 1951 వరకు అధ్యక్షుడుగా ఉన్నాడు. విద్యార్థులు ఆయనను మాస్టర్ మశాయ్ అని పిలిచేవారు. బెంగాలీలో ఈ మాటకు మాస్టారు గారు అని అర్థం. హరిపుర కాంగ్రెసు సభలకు వేసిన చిత్రాలు, భారత రాజ్యాంగ మూలప్రతి అలంకరణ ఆయనకు దేశవ్యాప్తంగా కీర్తి తెచ్చాయి. అయితే తన జీవితంలో ఎక్కువ భాగాన్ని ఆయన బోధనకే వెచ్చించాడు. తన శైలిని అనుకరించేవారిని కాక, ఎవరి దారి వారు వెతుక్కోగల కళాకారులను తయారు చేయడం గురువుగా ఆయన సాధించిన ఘనత.

బాల్యం, విద్యాభ్యాసం

నందలాల్ బోస్ బీహారులోని ముంగేర్ జిల్లా హవేలీ ఖరగ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించాడు. (బెంగాలులో రైల్వే కూడలిగా పేరొందిన ఖరగ్‌పూర్ వేరు.) తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీ దేవి చేతికందిన వస్తువులతో బొమ్మలు, ఆటవస్తువులు చేయడంలో నేర్పరి. నందలాల్‌కు బొమ్మలపై ఆసక్తి తల్లి వద్దనే మొదలైంది. దేవీనవరాత్రులకు మట్టి విగ్రహాలు చేసే పనివారిని చూస్తూ, తానూ మట్టితో ప్రతిమలు చేసేవాడు.

1898లో ఉన్నతపాఠశాల చదువు కోసం కలకత్తా వెళ్ళి సెంట్రల్ కాలేజియేట్ స్కూలులో చేరాడు. 1902లో ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. 1903లో సుధీరాదేవితో వివాహం జరిగింది. కళాశాల చదువు మాత్రం ఆయనకు అచ్చిరాలేదు. పరీక్షలు తప్పుతూ కళాశాలలు మారాడు. 1905లో ప్రెసిడెన్సీ కళాశాలలో వాణిజ్యశాస్త్రంలో చేరినా ఫలితం మారలేదు. చిత్రలేఖనం నేర్చుకుంటానంటే కుటుంబం మొదట ఒప్పుకోలేదు. పలుమార్లు పరీక్ష తప్పిన తరువాత ఎట్టకేలకు పెద్దలు అంగీకరించారు. నందలాల్ కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో ప్రవేశించాడు.

అవనీంద్రనాథ్ శిష్యరికం

ఆ కాలంలో కలకత్తా చిత్రకళా పాఠశాలలో పెద్ద మార్పు జరుగుతూ ఉంది. ప్రిన్సిపాలు ఇ. బి. హావెల్ పాశ్చాత్య నమూనాలకు నకళ్ళు తీయించే పద్ధతిని తగ్గించి, మొఘల్, రాజపుత్ర, అజంతా సంప్రదాయాల అధ్యయనాన్ని ప్రోత్సహించాడు. అవనీంద్రనాథ్ టాగూర్ ఆయనకు తోడుగా ఉన్నాడు. ఈ కృషి నుండే బెంగాల్ శైలి అనే పేరుతో ఒక కొత్త చిత్రకళా ఉద్యమం రూపుదిద్దుకుంది. స్వదేశీ ఉద్యమం కూడా అప్పుడే ఉధృతంగా ఉండడం వల్ల, భారతీయ శైలిలో చిత్రించడం దేశాభిమానానికి గుర్తుగా భావింపబడింది. అవనీంద్రనాథ్ ముఖ్యశిష్యులలో నందలాల్ ఒకడు. తెలుగువారికి సన్నిహితుడై, మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ బోధించిన ప్రమోద్ కుమార్ చటర్జీ కూడా ఈ బెంగాల్ శైలికి చెందినవాడే.

నందలాల్ తొలి చిత్రాలకు ఎక్కువగా పురాణగాథలే వస్తువులు. 1908లో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ నిర్వహించిన ప్రదర్శనలో శివుడు, సతి ఇతివృత్తంగా వేసిన చిత్రానికి 500 రూపాయల బహుమతి లభించింది. ఆ సొమ్ము ఆయన దేశయాత్రకు ఉపకరించింది. ఆలయాలు, శిల్పాలు, గ్రామీణ వృత్తిపనులు ఆయనకు రెండవ పాఠశాల అయ్యాయి. సోదరి నివేదిత, ఆనంద కుమారస్వామి కలిసి రచించి 1913లో వెలువడిన హిందూ, బౌద్ధ పురాణగాథల గ్రంథానికి బొమ్మలు వేసినవారిలో నందలాల్ ఒకడు.

అజంతా, బాగ్ గుహలు

1909-11 మధ్య ఆంగ్ల చిత్రకారిణి క్రిస్టియానా హెరింగ్‌హామ్ అజంతా కుడ్యచిత్రాలకు నకళ్ళు తీయించే పని చేపట్టింది. సోదరి నివేదిత ప్రోత్సాహంతో నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, మైసూరుకు చెందిన కె. వెంకటప్ప తదితరులు ఆ పనిలో పాల్గొన్నారు. అప్పట్లో అజంతా నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఉండేది. హైదరాబాదు నుండి సయ్యద్ అహ్మద్ వంటి చిత్రకారులు కూడా ఈ బృందంలో పనిచేశారు.

చిన్న కాగితంపై పలుచని రంగులతో వేసే చిత్రాలకు అలవాటుపడిన నందలాల్‌కు, అజంతాలో గోడ అంతటా పరచుకున్న రేఖ, మనుషుల సమూహాలను కూర్చిన తీరు కొత్త దారి చూపాయి. 1921లో ఆయన గ్వాలియర్ సంస్థానంలోని బాగ్ గుహల చిత్రాలకు కూడా నకళ్ళు తీశాడు. కుడ్యచిత్రం ఒకరి ఇంటికి పరిమితం కాక, నలుగురూ తిరిగే చోట అందరికీ కనబడుతుంది. ఈ లక్షణమే తరువాత ఆయన కృషికి ముఖ్యసూత్రమైంది.

శాంతినికేతన్ రాక

1919లో రవీంద్రనాథ్ శాంతినికేతన్‌లో కళాభవనాన్ని ప్రారంభించి నందలాల్‌ను ఆహ్వానించాడు. నందలాల్ వెళ్ళినా ఎక్కువ కాలం ఉండలేకపోయాడు. గురువైన అవనీంద్రనాథ్ ఆయనను కలకత్తాలోని తమ సంస్థలో ఉంచదలచాడు. ఒకవైపు విద్య నేర్పిన గురువు, మరొకవైపు ఆ గురువుకు పినతండ్రి వరుసైన రవీంద్రుడు. ఇద్దరి మధ్య నలిగిన నందలాల్ 1920లో కలకత్తాకు తిరిగి వెళ్ళాడు. కొద్దికాలానికే మళ్ళీ శాంతినికేతన్ వచ్చి 1922 నుండి కళాభవన అధ్యక్షుడయ్యాడు. మహానగరంలోని ప్రదర్శనలు, పోషకులను విడిచి పల్లెపట్టును ఎంచుకున్న ఈ నిర్ణయం ఆయన కళను కూడా మార్చింది. పురాణ దృశ్యాల స్థానంలో సంతాలుల పల్లెలు, తాటిచెట్లు, మేకలు, పొలం పనులు క్రమంగా ఆయన చిత్రాలలో చోటు చేసుకున్నాయి.

1924లో రవీంద్రనాథ్ వెంట బర్మా, మలయా, చైనా, జపాన్ దేశాలు పర్యటించాడు. తూర్పు ఆసియా చిత్రకారుల కుంచెపని ఆయనను బాగా ఆకర్షించింది.

బోధనా పద్ధతి

కళాభవనం తొలినాళ్ళలో నిర్ణీత పాఠ్యప్రణాళికకు, పరీక్షలకు ప్రాధాన్యం ఉండేది కాదు. ఉపాధ్యాయులు, విద్యార్థులు ఒకేచోట కూర్చుని తమ తమ పనులు చేసుకొనేవారు. గురువు పనిచేస్తుండగా చూడడమే విద్యార్థికి మొదటి పాఠం. నందలాల్ బోధనకు మూడు ఆధారాలున్నాయి: ప్రకృతి పరిశీలన, సంప్రదాయ పరిజ్ఞానం, విద్యార్థి స్వీయభావన. వీటిలో ఏ ఒక్కటి లోపించినా కళ నిలవదని ఆయన నమ్మకం.

చూసినదానికి నకలు తీయడం కన్నా దాని స్వభావం గ్రహించడం ముఖ్యమని ఆయన నేర్పేవాడు. చెట్టు నేల నుండి పైకి పెరుగుతుంది కాబట్టి గీత కూడా మొదలు నుండి పైకి సాగాలని ఆయన చెప్పిన పాఠాన్ని సత్యజిత్ రాయ్ తరువాతి కాలంలో గుర్తు చేసుకున్నాడు. నందలాల్ ఎప్పుడూ చిన్న కార్డులు దగ్గర ఉంచుకొని, కనబడినదాన్ని వెంటనే గీసేవాడు. మిత్రులకు, శిష్యులకు ఉత్తరాలు రాసినప్పుడు ఆ కార్డులపై బొమ్మలు వేసి పంపేవాడు. ఇటువంటి కార్డులు వేల సంఖ్యలో ఉన్నాయి. విద్యార్థులతో కలిసి చారిత్రక స్థలాలకు విహారయాత్రలు చేయడం కూడా చదువులో భాగంగా ఉండేది.

చిత్రకళకు, చేతిపనులకు మధ్య ఎక్కువ తక్కువలు ఉన్నాయని ఆయన భావించలేదు. కుట్టుపని, తోలుపని, బాతిక్, చెక్కపై అచ్చుపని కళాభవనంలో చోటు సంపాదించాయి. తెలుగువారి ముగ్గును పోలిన అల్పన కూడా అక్కడ బోధనాంశమైంది. నందలాల్ కుమార్తె గౌరీ భంజ అల్పన, కుట్టుపనులలో పేరుపొందిన ఉపాధ్యాయిని. జయపురం నుండి వచ్చిన ఒక సంప్రదాయ కళాకారుని నుండి తడి సున్నంపై చిత్రించే విధానాన్ని గురుశిష్యులంతా కలిసి నేర్చుకున్నారు. శాంతినికేతన్‌లో జరిగే వసంతోత్సవం, వృక్షారోపణం, హలకర్షణం వంటి ఉత్సవాలకు అలంకరణలు, రవీంద్రుని నాటకాలకు రంగస్థల సజ్జ కళాభవనమే సమకూర్చేది. రవీంద్రనాథ్ పిల్లలకు అక్షరాలు నేర్పడానికి రచించి 1930లో ప్రచురించిన సహజ్ పాఠ్ వాచకానికి నందలాల్ లినోలియం అచ్చులతో బొమ్మలు వేశాడు. తరతరాల బెంగాలీ పిల్లలు ఆ నలుపు తెలుపు బొమ్మల పక్కనే అక్షరాలు దిద్దుకున్నారు.

శిష్యులు

నందలాల్ శిష్యుల చిత్రాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒకే గురువు వద్ద నేర్చినవారని గుర్తుపట్టడం కష్టం. బాంకురా నుండి 1925లో వచ్చిన రాంకింకర్ బైజ్ తైలవర్ణాలు, సిమెంటు కాంక్రీటు, పాశ్చాత్య ఆధునిక రీతులు చేపట్టాడు. అది గురువు దారి కాదు. అయినా రాంకింకర్ కళాభవనంలోనే ఉపాధ్యాయుడుగా కొనసాగి, ఆ ఆవరణలోనే 1938లో సంతాల్ కుటుంబం అనే ప్రసిద్ధ శిల్పాన్ని నిర్మించాడు.

వినోద్ బిహారీ ముఖర్జీకి చిన్ననాటి నుండి చూపు చాలా తక్కువ. అటువంటివాడు చిత్రకారుడు కాగలడా అని నందలాల్ మొదట సందేహించాడు. ఆ కుర్రవాడికి శ్రద్ధ ఉంటే నేర్చుకోనివ్వమనీ, భవిష్యత్తు గురించి ఇప్పుడే తీర్పు చెప్పవద్దనీ రవీంద్రనాథ్ సలహా ఇచ్చాడు. నందలాల్ ఆ మాట పాటించాడు. వినోద్ బిహారీ తరువాత శాంతినికేతన్ హిందీ భవనం గోడలపై మధ్యయుగ భక్తకవుల జీవితాలను చిత్రించి, దేశంలోని గొప్ప కుడ్యచిత్రకారులలో ఒకడయ్యాడు. 1950వ దశకంలో పూర్తిగా చూపు పోయిన తరువాత కూడా ఆయన కళాసృష్టి ఆపలేదు.

కె. జి. సుబ్రమణ్యన్, శంఖో చౌధురి, దినకర్ కౌశిక్, బ్యోహార్ రామమనోహర్ సిన్హా, కృపాల్ సింగ్ షెఖావత్ తదితరులు కళాభవనంలో చదువుకున్నారు. సత్యజిత్ రాయ్ 1940 నుండి 1942 వరకు ఇక్కడ విద్యార్థి. తెలుగువారిలో కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో శిక్షణ పొంది, హైదరాబాదులో చిత్రకళాచార్యుడుగా పేరుగాంచాడు.

జాతీయోద్యమంతో అనుబంధం

1930లో గాంధీజీ దండియాత్ర సందర్భంగా నందలాల్ చేసిన బాపూజీ అనే లినోలియం అచ్చుచిత్రం ప్రఖ్యాతమైంది. చేతికర్రతో ముందుకు సాగుతున్న గాంధీజీ రూపం కొద్దిపాటి తెల్లని గీతలతో నల్లని నేపథ్యంలో కనిపిస్తుంది.

గాంధీజీ కోరికపై నందలాల్ 1936లో లక్నో కాంగ్రెసు సభల వద్ద భారతీయ కళాప్రదర్శన ఏర్పాటు చేశాడు. అదే సంవత్సరం డిసెంబరులో ఫైజ్‌పూర్ గ్రామంలో జరిగిన సభలకు వెదురు, గడ్డి వంటి స్థానిక వస్తువులతో అలంకరణలు చేయించాడు. 1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని హరిపురలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన సభలు జరిగాయి. సభలకు వచ్చే గ్రామీణులు దారిన పోతూనే చూడగలిగే చిత్రాలు కావాలన్నది గాంధీజీ ఆశయం. నందలాల్ చేతితో చేసిన కాగితంపై, చవకైన మట్టిరంగులతో, బెంగాలు పటచిత్రకారుల వలె వేగంగా, బలమైన రేఖలతో 80కి పైగా చిత్రాలు వేశాడు. దూదేకులవాడు, వడ్రంగి, డోలు వాయించేవాడు, ధాన్యం దంచే స్త్రీ వంటి శ్రమజీవులే వీటిలో నాయకులు. శిష్యులు వాటికి ప్రతులు తయారుచేయగా, మొత్తం సుమారు 400 చిత్రాలు సభాప్రాంగణంలో ద్వారాలపై, గుడారాలపై అమర్చబడ్డాయి. ఎండకు వానకు పాడైపోయే చోట, అమ్మకానికి కాక జనం కోసం వేసిన ఈ చిత్రాలు నేడు ఆధునిక భారతీయ కళలో అత్యంత ముఖ్యమైన వాటిలో ఒకటిగా పరిగణింపబడుతున్నాయి.

రాజ్యాంగ ప్రతి అలంకరణ

భారత రాజ్యాంగం మూలప్రతిని చేతితో రాయించి అలంకరింపజేసే బాధ్యతలో చిత్రాల పని నందలాల్‌కు అప్పగించబడింది. ఆంగ్ల ప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా, హిందీ ప్రతిని వసంత్ కృష్ణ వైద్య అందమైన దస్తూరితో రాశారు. రాజ్యాంగంలోని ఒక్కొక్క భాగం మొదట ఒక్కొక్క చిత్రం ఉంటుంది. మొహంజోదారో ముద్ర నుండి రామాయణ, మహాభారత ఘట్టాలు, బుద్ధుడు, మహావీరుడు, అశోకుడు, నలందా, మహాబలిపురం శిల్పాలు, అక్బరు, శివాజీ, టిప్పు సుల్తాన్, ఝాన్సీ లక్ష్మీబాయి, దండియాత్ర మీదుగా హిమాలయాలు, ఎడారి, సముద్రం వరకు భారతదేశ చరిత్ర, ప్రకృతి ఈ చిత్రాలలో చోటు చేసుకున్నాయి. ఈ పనిని కూడా నందలాల్ ఒంటరిగా చేయలేదు. శిష్యులను, సహచరులను కలుపుకొన్నాడు. ప్రవేశిక పుటను అలంకరించిన బ్యోహార్ రామమనోహర్ సిన్హా ఆయన శిష్యుడే. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ సభ్యులు ఈ ప్రతులపై సంతకాలు చేశారు.

ముఖ్యమైన కృతులు

* సతి (1907)
* బాపూజీ (1930)
* హలకర్షణం - శ్రీనికేతన్ కుడ్యచిత్రం (1930)
* హరిపుర చిత్రాలు (1938)
* బరోడా కీర్తిమందిరం కుడ్యచిత్రాలు (1939-46)
* నటీర్ పూజ - శాంతినికేతన్ చీనాభవనం కుడ్యచిత్రం (1942)
* శిల్పచర్చ - కళాసాధన గురించి బెంగాలీలో రాసిన గ్రంథం (1956)

చివరి రోజులు, గౌరవాలు

1951లో పదవీ విరమణ చేసిన తరువాత కూడా నందలాల్ శాంతినికేతన్‌తో సంబంధం వదులుకోలేదు. ఈ దశలో ఆయన ఎక్కువగా నల్లసిరాతో, కొద్దిపాటి కుంచె స్పర్శలతో ప్రకృతి దృశ్యాలు చిత్రించాడు. 1954లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ పురస్కారం ఇచ్చింది. విశ్వభారతి దేశికోత్తమ బిరుదుతో సత్కరించింది. 1956లో లలితకళా అకాడమీ ఫెలోగా ఎన్నికయ్యాడు. 1966 ఏప్రిల్ 16న 83 ఏళ్ళ వయసులో మరణించాడు.

1976లో ప్రభుత్వం ఆయన కృతులను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. అందువల్ల దేశంలో ఉన్న ఆయన చిత్రాలను విదేశాలకు తరలించడానికి వీలులేదు. ఆయన చిత్రాలు, రేఖాచిత్రాలు వేల సంఖ్యలో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో భద్రపరచబడ్డాయి. ఏటా డిసెంబరు మొదటి రెండు రోజులలో, ఆయన జన్మదినానికి ముందుగా, కళాభవనంలో నందన్ మేళా జరుగుతుంది. 1973లో ప్రారంభమైన ఈ మేళాలో విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ చేతులతో చేసిన వస్తువులను అందరికీ అందుబాటు ధరలకు అమ్ముతారు. వచ్చిన సొమ్ము విద్యార్థుల సహాయనిధికి చేరుతుంది.