హెలెనా క్రీము డబ్బా... మన అయిదు నిమిషాలు

అందం సంగతి వచ్చిందంటే మన ఆడవాళ్ళకి రెండు రకాల దిగులు. తీరిక ఉన్నవాళ్ళకి ఏం రాసుకోవాలో తెలీదన్న దిగులు. ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచుకునేవాళ్ళకి రాసుకునే తీరికే లేదన్న దిగులు. ఈ రెండో దిగులు గురించి ఎవరు నా దగ్గర ఎత్తినా నాకు హెలెనా రూబిన్‌స్టీన్ గుర్తొస్తుంది. ముఖానికి రాసుకునే క్రీముల వ్యాపారాన్ని ప్రపంచం నలుమూలలకీ తీసుకెళ్ళిన మొదటి తరం ఆడవాళ్ళలో ఆవిడొకరు. ఇద్దరు పిల్లల తల్లి. బతికినన్నాళ్ళూ పని మానని మనిషి. ఆవిడ కథ తెలుసుకుంటే మన అద్దం ముందున్న సీసాల్లో ఏది అవసరమో, ఏది కాదో కూడా కొంత తెలుస్తుంది.

హెలెనా 1872 డిసెంబరు 25న క్రాకవ్ నగరంలో పుట్టింది. ఇప్పుడది పోలెండులో ఉంది కానీ అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. ఆ ఊళ్ళో యూదులు ఎక్కువగా ఉండే పేటలో తండ్రికి చిన్న వ్యాపారం. ఇంటినిండా ఆడపిల్లలే, ఎనిమిది మంది! అందరికంటే పెద్దది హెలెనా. ఎనిమిది మందిలో పెద్దపిల్ల అంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా. చెల్లెళ్ళకి జడలు వెయ్యడం, తల్లికి సాయం చెయ్యడం, తండ్రి కొట్టు వ్యవహారం చూడడం... లెక్కలూ బేరాలూ ఆవిడకి అక్కడే అబ్బాయి.

పెళ్ళీడు రాగానే పెద్దవాళ్ళు సంబంధం చూశారు. ఆవిడ ససేమిరా అంది. ఇల్లు వదిలి కొన్నాళ్ళు వియన్నాలో బంధువుల దగ్గరుంది. 1896లో ఓడెక్కి ఏకంగా ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. చేతిలో డబ్బు లేదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. విక్టోరియా రాష్ట్రంలో కోల్‌రేన్ అనే పల్లెటూళ్ళో మేనమామ దగ్గర దిగింది.

ఆ ప్రాంతమంతా గొర్రెల మందలే. ఎండా, దుమ్మూ, పొడిగాలీ. అక్కడి ఆడవాళ్ళ ముఖాలు ముప్పై ఏళ్ళకే ముడతలు పడి, బీటలు వారినట్టు ఉండేవిట. చలిదేశం నుంచి వచ్చిన ఈ అమ్మాయి ముఖం మాత్రం నున్నగా మెరుస్తూ ఉండేది. ఏం రాసుకుంటావని అందరూ అడగడం మొదలుపెట్టారు. బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ పెట్టెలో పన్నెండు క్రీము డబ్బాలు పెట్టి పంపిందని ఆవిడ తర్వాత చెప్పుకునేది. ఆ పన్నెండు అన్న లెక్క ఎంతవరకూ నిజమో గానీ, అడిగినవాళ్ళకి ఇచ్చుకుంటూ పోతే డబ్బాలు ఎన్నాళ్ళొస్తాయి? తనే తయారు చేసి అమ్మితే ఏం అనుకుంది.

ఆ క్రీముకి కావలసిన ముఖ్యమైన సరుకు ఆవిడ చుట్టూనే మేస్తోంది! గొర్రె ఉన్నికి సహజంగా ఒక జిడ్డు అంటుకుని ఉంటుంది. గొర్రె చర్మంలోంచే ఊరే ఆ జిడ్డు వానకీ చలికీ దాన్ని కాపాడుతుంది. ఉన్నిని కడిగినప్పుడు దాన్ని వేరు చేసి శుభ్రం చేస్తే లానోలిన్ అవుతుంది. అది మన చర్మం మీద పల్చటి పొరలా పరుచుకుని లోపలి తడి ఆరిపోకుండా ఆపుతుంది. అంతే దాని పని. ఇవాళ్టికీ పెదాలకి రాసుకునే మందుల మీద ఆ పేరు కనిపిస్తుంది. పాలిచ్చే తల్లులకి రొమ్ము మొనలు పగిలితే డాక్టర్లు రాసే పూతల్లో శుద్ధి చేసిన లానోలిన్ ఒకటి. కొద్దిమందికి మాత్రం అది పడదు, దురద పెడుతుంది.

ఇంత మంచి సరుకుకీ ఒక చిక్కుంది. అది గొర్రె కంపు కొడుతుంది. హెలెనా లావెండరు పూలూ, దేవదారు జాతి చెట్ల బెరడూ, కలువపూలూ ఉపయోగించి ఆ వాసన పోగొట్టిందంటారు. మెల్‌బోర్న్ చేరి, ఒక టీ హోటల్లో కప్పులందిస్తూ బతికింది. అక్కడి పరిచయాలతో కొంత పెట్టుబడి సంపాదించి, 1902-03 ప్రాంతంలో చిన్న దుకాణం తెరిచింది. క్రీముకి వాలాజ్ అని పేరు పెట్టింది.

ఇక్కడే ఆవిడ తెలివి చూడాలి. ఉన్ని జిడ్డు అని చెబితే ఎవరు కొంటారు? అందుకని కార్పాతియన్ పర్వతాల్లో దొరికే అరుదైన మూలికలతో, ఎవరో పెద్ద డాక్టరు చెప్పిన రహస్య పద్ధతిలో చేసిందని ప్రచారం చేసింది. తయారీ ఖర్చు పెన్నీల్లో, అమ్మే ధర షిల్లింగుల్లో! చవగ్గా ఇస్తే జనం నమ్మరని ఆవిడ కనిపెట్టింది. డబ్బాలో ఉన్నది పనిచేసే మాట నిజమే. కానీ డబ్బాకి పడిన ధర మాత్రం పర్వతాల కథకి. వందేళ్ళు దాటినా ఈ కిటుకు పాతబడలేదు. ఇప్పుడు పర్వతాల బదులు బంగారు రేకులంటున్నారు, నత్తల జిగురంటున్నారు, అంతే తేడా.

వ్యాపారం చూస్తుండగానే పెరిగిపోయింది. 1908లో లండన్‌లో ఎడ్వర్డ్ టైటస్ అనే పత్రికా రచయితని పెళ్ళి చేసుకుంది. ఆ ఊళ్ళో ఖరీదైన మేఫెయిర్ పేటలో సెలూన్ తెరిచింది. 1909లో పెద్దకొడుకు రాయ్, 1912లో చిన్నకొడుకు హొరేస్ పుట్టారు. చిన్నవాడు పుట్టిన ఏడే ప్యారిస్‌లో ఇంకో సెలూన్! 1914లో యుద్ధం రావడంతో సంసారాన్ని అమెరికాకి మార్చి, 1915లో న్యూయార్క్‌లోనూ మొదలుపెట్టింది. మరి ఇన్ని ఊళ్ళు ఎలా సంబాళించింది అంటారా? క్రాకవ్‌లో జడలు వేసిన ఆ చెల్లెళ్ళనే పిలిపించుకుంది. ఒక్కో ఊరు ఒక్కో చెల్లెలికి అప్పజెప్పింది. ఇంట్లో పిల్లల్ని ఆయాలు చూసుకున్నారు, కాస్త పెద్దయ్యాక హాస్టలు బళ్ళు చూసుకున్నాయి.

భర్తతో కాపురం సవ్యంగా సాగలేదు. ఆయనకి పరస్త్రీల వ్యామోహం. గొడవ జరిగినప్పుడల్లా ఆవిడ వెళ్ళి ఓ నగ కొనుక్కునేదిట. అలా పోగైన ముత్యాల హారాలే బోలెడు! 1928లో అమెరికా వ్యాపారాన్ని 73 లక్షల డాలర్లకి ఒక పెద్ద బ్యాంకు సంస్థకి అమ్మేసింది. అమ్మిన మరుసటి ఏడాదే షేర్ల ధరలు కుప్పకూలాయి. అప్పుడు అమ్మిన ధరలో చిన్న వంతుకే తన కంపెనీని తిరిగి కొనేసుకుంది. కొట్లో నేర్చుకున్న బేరం మరి! కానీ వైవాహిక జీవితం మాత్రం బాగుపడలేదు, విడాకులయ్యాయి. 1938లో జార్జియా దేశపు రాజవంశీకుణ్ణని చెప్పుకునే ఒకాయన్ని రెండో పెళ్ళి చేసుకుంది.

1941లో న్యూయార్క్‌లోని పార్క్ అవెన్యూలో ఒక ఇల్లు అద్దెకడిగితే, యూదులకి ఇవ్వమన్నారు. ఆవిడ వాదించలేదు. ఆ భవనం మొత్తాన్ని కొనేసి అందులోనే కాపురం పెట్టింది. అయిదడుగులైనా లేని మనిషి! అదే కాలంలో ఐరోపాలో యూదుల మారణకాండ సాగుతోంది. వెనక ఉండిపోయిన చెల్లెలు రెజీనా దానికి బలైపోయింది. ఎంత డబ్బున్నా ఆ చెల్లెల్ని ఆవిడ దక్కించుకోలేకపోయింది.

ఆడవాళ్ళలో అందవికారం లేదు, ఉన్నదల్లా బద్ధకమే అన్న అభిప్రాయం హెలెనాదని లోకమంతా చెప్పుకుంటుంది. అందాల వ్యాపారానికి ఇంతకంటే పనికొచ్చే సిద్ధాంతం ఉండదు. సెలూన్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సాగే సేవలు కూడా ఆవిడ పెట్టింది. ఈ ఒక్క విషయంలో నేను ఆవిడతో ఒప్పుకోను.

మా చెల్లెలు టీచరు. పొద్దున్న అయిదింటికి లేస్తే, రెండు క్యారేజీలు సర్ది, పిల్లలకి జడలు వేసి, ఏడున్నర బస్సు అందుకోవాలి. సాయంత్రం వచ్చాక మళ్ళీ వంట, హోంవర్కులు, దిద్దాల్సిన పేపర్లు. ముఖం ఎండకి కమిలిపోయిందే అని ఎవరైనా అంటే నొచ్చుకుంటుంది, తన తప్పేదో ఉన్నట్టు. దాన్ని బద్ధకస్తురాలు అని ఏ నోటితో అంటాం? హెలెనా జీవితమే దీనికి సాక్ష్యం. ఆవిడకి చెల్లెళ్ళున్నారు, ఆయాలున్నారు, నౌకర్లున్నారు. అయినా రోజుకున్న ఇరవై నాలుగు గంటలు చాలలేదు. కొడుకులతో గడిపిన కాలం తక్కువని ఆవిడ జీవితం రాసినవాళ్ళు దాచకుండా రాశారు. చిన్నకొడుకు హొరేస్ 1958లో, తల్లి బతికుండగానే పోయాడు. పోయిన ఆ కాలాన్ని ఏ క్రీమూ తిరిగి తేలేదు కదా. కాబట్టి ఉద్యోగం చేసే తల్లికి కొరత ఓపికా కాదు, శ్రద్ధా కాదు. కొరత వేళకే!

అయితే హెలెనా దగ్గర నేర్చుకోవలసింది లేదా అంటే, చాలా ఉంది. పర్వతాల కథలు పక్కన పెట్టి చూస్తే ఆవిడ విద్యంతా మూడు మాటల్లో ఇమిడిపోతుంది. శుభ్రంగా కడుక్కోవడం, తడి ఆరిపోకుండా చూసుకోవడం, ఎండ తగలకుండా కాచుకోవడం. చర్మ వైద్యులు ఈనాటికీ చెప్పేది ఇవే. మూడూ కలిపినా అయిదు నిమిషాలు పట్టదు.

పొద్దున్న స్నానంలోనే ముఖం అయిపోతుంది. ఘాటు సబ్బు కాకుండా మెత్తటిది వాడితే చాలు. తువ్వాలుతో గట్టిగా రుద్దకుండా అద్దుకుని, ముఖం ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే మాయిశ్చరైజరు రాసేస్తే ఆ తడి లోపలే నిలుస్తుంది. పూర్తిగా ఆరాక రాసినదానికంటే ఇది బాగా పనిచేస్తుంది. పిల్లలకి నీళ్ళు పోసి తుడిచాక వాళ్ళ కాళ్ళకీ చేతులకీ రాసే క్రీమే ఉంటే, వాసన లేనిదైతే, మీకూ అదే. ఇంకో డబ్బా ఎందుకు?

బయటికెళ్ళే ముందు సన్‌స్క్రీన్. అట్ట మీద ఎస్.పి.ఎఫ్. 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నది చూసుకోండి. చూపుడువేలూ మధ్యవేలూ పొడుగునా పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. చెవులూ, చేతుల పైభాగం మర్చిపోవద్దు. బస్‌స్టాపులో నిలబడేవాళ్ళకి గొడుగూ, చీర కొంగూ కూడా సాధనాలే! హెలెనా ఉన్న ఆస్ట్రేలియా ఇప్పుడు చర్మ క్యాన్సరు ఎక్కువగా ఉన్న దేశాల్లో ముందుంటుంది. మన రంగుకి ఆ భయం చాలా తక్కువే గానీ, మంగు మచ్చలకీ ముడతలకీ ఎండే పెద్ద కారణం. రాత్రి పడుకోబోయే ముందు, ఎంత అలిసిపోయినా, ముఖం కడిగి మళ్ళీ ఓసారి మాయిశ్చరైజరు. అంతటితో సరి.

చర్మాన్ని పొడిది, జిడ్డుది, మామూలుది అని విడదీసి, దేనికి తగ్గది దానికి వాడమని ప్రచారం చేసిన పేరు కూడా హెలెనాదే. పక్కింటావిడకి పడిందని మీరు కొనక్కర్లేదు. జిడ్డు ముఖమై మొటిమలు వస్తుంటే కొబ్బరినూనె ముఖానికి వద్దు, అదే నూనె అంట్లు తోమి తోమి ఎండిపోయిన చేతులకి భేషుగ్గా పనికొస్తుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెడితే చర్మం కమిలి మచ్చలు పడొచ్చు. వారంలో తెల్లబరుస్తామనే క్రీముల జోలికి అసలు పోవద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్లు ఉంటాయి. వాటితో మొదట నిగారింపు వచ్చినట్టే ఉండి, తర్వాత చర్మం పల్చబడి ఎర్రబడుతుంది. మచ్చలు ముదిరితే డాక్టరే దిక్కు.

హెలెనా ఫోటోలు చూస్తే ఇంకో విషయం నాకు ముచ్చటేసింది. నల్లటి జుట్టుని వెనక్కి గట్టిగా దువ్వి మెడ మీద ముడి! యవ్వనంలోంచి వృద్ధాప్యం దాకా ఇంచుమించు అదే ముడి. లోకానికి రకరకాల అలంకారాలు అమ్మిన మనిషి తన జుట్టు విషయంలో మాత్రం మన అమ్మమ్మల పద్ధతే పట్టుకుంది. పొద్దున్నే ఎలా దువ్వుకోవాలా అన్న ఆలోచనే లేకుండా! కోట్లు గడించాక కూడా మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచే కాగితం సంచీలో తెచ్చుకునేదిట.

తొంభై దాటాక, 1964లో, ఇంట్లోకి దొంగలు జొరబడి నగలెక్కడున్నాయో చెప్పమని బెదిరించారు. ఆవిడ బెదరలేదు, చెప్పలేదు. మంచం మీద నుంచే వ్యాపారం చూసుకుంటూ 1965 ఏప్రిల్ 1న, 92 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆ కంపెనీ తర్వాత చేతులు మారింది. ఆవిడ పేరు మాత్రం డబ్బాల మీద మిగిలింది.

ముఖానికి గంటలు గంటలు కేటాయించలేకపోతున్నామని ఉద్యోగం చేసే తల్లులెవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అయిదు నిమిషాలు చాలు. ఆ పైన ఎప్పుడైనా ఆదివారం ఓ అరగంట మిగిలిందనుకోండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పుకోండి, లేదా కాసేపు కన్ను మూయండి. నిద్ర చాలిన ముఖానికీ, నవ్వుతున్న ముఖానికీ వచ్చే కళ ఏ డబ్బాలోనూ దొరకదు.