శస్త్రవైద్యాచార్యుడు చార్లెస్ డ్రూ

లోకము ఒక మహనీయుని ఏ కార్యమువలన స్మరించుచున్నదో ఆ కార్యమే ఆయనకు మిక్కిలి ప్రియమైనదని తలంచుట తఱచుగా పొరపాటగును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1904వ సంవత్సరమున జన్మించి 1950వ సంవత్సరమున దివంగతుడైన నల్లజాతి వైద్యుడు చార్లెస్ రిచర్డ్ డ్రూ పేరు చెప్పగనే రక్తనిధులు స్ఫురించును. ఆ కీర్తి న్యాయమైనదే. అయినను ఆయన తన జీవితమునందలి తుది తొమ్మిదేండ్లను ధారపోసినది శిష్యుల కొఱకు. తమ జాతివారికి ప్రవేశము లేని శస్త్రవైద్యమునందును, వైద్యపరిశోధనయందును నిలువదగిన యువకులను తయారుచేయుటయే ఆయన వ్రతము. దానిని గూర్చియే మేము నేడు ముఖ్యముగా వ్రాయదలచితిమి.

డ్రూ వాషింగ్టను నగరమున జన్మించెను. తండ్రి ఇండ్లలో తివాచీలు పఱచు పనివాడు. తల్లి ఉపాధ్యాయవిద్య నభ్యసించిన విదుషి. 1920వ సంవత్సరమున చెల్లెలు ఎల్సీ క్షయరోగము, ఇన్‌ఫ్లూయెంజా జ్వరము తోడుగూడగా మరణించెను. ఆటలయందు మేటియైన డ్రూ ఆ ప్రతిభవలన లభించిన విద్యార్థివేతనముతో ఆమ్హర్స్టు కళాశాలలో చదివి 1926లో పట్టభద్రుడయ్యెను. వైద్యవిద్యకు సొమ్ము చాలకపోగా రెండేండ్లు బాల్టిమోరునందలి మోర్గన్ కళాశాలలో జీవశాస్త్ర రసాయనశాస్త్రములను బోధించుచు, విద్యార్థుల కాటలు నేర్పుచు ధనము కూడబెట్టెను.

ఆకాలమున నల్లజాతి యువకునికి వైద్యవిద్య యెంత దుర్లభమో పాఠకులు గ్రహింపవలెను. 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక వెలువడిన పిమ్మట ఆ జాతివారికై యున్న ఏడు వైద్యకళాశాలలలో ఐదు మూతపడెను. వాషింగ్టనునందలి హౌవార్డు, నాష్‌విల్‌నందలి మెహారీ అను రెండు మాత్రమే మిగిలెను. అందు హౌవార్డు కళాశాల, ఆంగ్లభాషయందు చదువవలసిన పాఠములు కొన్ని కొఱవడినవను కారణమున డ్రూను చేర్చుకొనలేదు. ఆయన కెనడాదేశమునందలి మాంట్రియల్ నగరమునకేగి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున చేరి, 1933లో 137గురు విద్యార్థులలో రెండవవాడై వైద్యపట్టమును పొందెను. అచ్చట ఆచార్యుడు జాన్ బీటీ సాంగత్యమున రక్తమార్పిడి యందు ఆయనకు ఆసక్తి కలిగెను.

1935లో డ్రూ, తన్ను వెనుకకు పంపిన హౌవార్డునందే ఉపాధ్యాయుడయ్యెను. 1938లో రాకుఫెల్లరు ధర్మనిధి వేతనముతో న్యూయార్కు నగరమునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకును, దానితో చేరిన ప్రెస్బిటీరియన్ ఆసుపత్రికిని ఉన్నతశిక్షణకై వెళ్లెను. తెల్లవారైన శిష్యులు రోగుల మంచములచెంత నేర్చుకొనుచుండగా ఈయనను మొదట పరిశోధనశాలలో జాన్ స్కడర్ చెంత నుంచిరి. జాతివివక్షచే కలిగిన యా ఏర్పాటునే డ్రూ తనకు సాధనముగా చేసికొనెను. నిలువయుంచిన రక్తము ఏల చెడునో, ఎన్నినాళ్లు నిలుచునో, దానిని సేకరించు పద్ధతు లెట్లుండవలెనో సాంగోపాంగముగా పరిశోధించి, రక్తనిధులపై బృహత్సిద్ధాంతవ్యాసమును వ్రాసి 1940లో కొలంబియాయందు వైద్యశాస్త్ర డాక్టరు బిరుదము పొందెను. నల్లజాతివారిలో అచ్చట ఆ బిరుదమును బడసిన ప్రథముడు ఆయనయే.

రక్తనిధిని మొట్టమొదట కనిపెట్టినవాడు డ్రూ యని కొందఱు వ్రాయుదురు, అది సరికాదు. షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో 1937లోనే బెర్నార్డ్ ఫాంటస్ అట్టిదానిని స్థాపించియుండెను. పలుచోట్ల పలువిధములుగా జరుగుచున్న పనిని ఒక క్రమమునకు తెచ్చి, వేలకొలది దాతలనుండి ఏకరీతిగా, సూక్ష్మజీవుల దోషము సోకకుండ సేకరింపవచ్చునని చూపుటయే డ్రూ ప్రతిభ. రక్తకణములను తొలగించిన ప్లాస్మా యను ద్రవభాగము రక్తముకంటె చిరకాలము నిలుచును. 1940 ఆగష్టు మొదలు 1941 జనవరి వరకు యుద్ధపీడితమైన బ్రిటనునకు ప్లాస్మా పంపు కార్యమును న్యూయార్కు ఆసుపత్రులు పూనగా, దాని వైద్యపర్యవేక్షణము డ్రూకు అప్పగింపబడెను. 14,500కు పైబడిన దాతలవలన 5,000 లీటర్లకు మించిన ప్లాస్మా సముద్రము దాటెను.

పిమ్మట అమెరికా రెడ్‌క్రాసు సంఘము తన స్వదేశసైన్యములకై రక్తసేకరణ మారంభించినప్పుడు తొలుత డ్రూయే దానికి మార్గదర్శి. ఆ సంఘమే 1941 చివర నల్లజాతివారి రక్తమును నిరాకరించెను. 1942 జనవరిలో స్వీకరించుట కంగీకరించియు దానిని వేఱుగా నుంచెను. ఈ భేదము 1950 వరకు సాగెను. దీనికి నిరసనగా డ్రూ పదవిని త్యజించెనను కథ కలదు. ఆయన 1941 ఏప్రిల్‌లోనే, ఆ నిర్ణయమునకు ముందే, హౌవార్డునకు మరలి వచ్చెను. అయినను అట్టి విభేదమునకు శాస్త్రమునందు ఆధారము లేదని ఆయన బహిరంగముగా ఖండించెను.

హౌవార్డునకు మరలినప్పుడు ఆయనయెదుట నున్న చిక్కు వేఱు. నల్లజాతి యువకుడు వైద్యపట్టము పొందినను, శస్త్రవైద్యమున నిపుణుడగుటకు పెద్ద ఆసుపత్రులలో కొన్నేండ్లు శిక్షణ పొందవలెను. తెల్లవారి ఆసుపత్రుల ద్వారములు వానికి మూయబడియుండెను. శస్త్రవైద్యాచార్యపదవిని, ఫ్రీడ్మెన్స్ ఆసుపత్రి శస్త్రశాఖను చేపట్టిన డ్రూ, తన శిష్యులు తమ జాతిలో ఉత్తములనిపించుకొనుటతో తృప్తిపడలేదు. దేశమునందలి ఏ శిష్యునితోనైనను సరితూగవలెనని పట్టుబట్టెను. ఆ సంవత్సరముననే అమెరికా శస్త్రవైద్యబోర్డునకు తొలి నల్లజాతి పరీక్షకుడైన ఆయనకు ఆ పరీక్షయొక్క కాఠిన్యము చక్కగ తెలియును. పరిశోధనకును ఉన్నతశిక్షణకును తగిన శిష్యులకై ఇతర సంస్థల అధిపతులతో ఉత్తరప్రత్యుత్తరములు సాగించెను. నల్లజాతి వైద్యులకు స్థానిక వైద్యసంఘములలో సభ్యత్వము లేనందున ఆసుపత్రుల ప్రవేశమును లేకుండుటను గూర్చి 1947లో అమెరికా వైద్యసంఘమునకు గట్టిగా వ్రాసెను. ఆయన జీవించియుండగా ఆ సంఘము మాఱలేదు.

ఫలిత మేమి? 1941 మొదలు 1950 వరకు ఆ బోర్డు యోగ్యతాపత్రము నిచ్చిన నల్లజాతి శస్త్రవైద్యులలో సగమునకు మించినవారు డ్రూవద్ద శిక్షణ పొందినవారే. శిష్యుడు జాక్ వైట్ న్యూయార్కున క్యాన్సరు శస్త్రవైద్యము నభ్యసించి హౌవార్డునకు వచ్చి దానిని ఇతరులకు నేర్పెను. డ్రూ పాఠములు విన్న లాసాల్ లెఫాల్ 1978లో అమెరికా క్యాన్సరు సంఘమునకును, 1995లో అమెరికా శస్త్రవైద్యకళాశాలకును అధ్యక్షుడయ్యెను. ఒక జాతిని వెలుపల నుంచిన సంస్థలకు ఆ జాతివాడు అధ్యక్షుడగుటకు గురువు మరణించిన పిదప ఇంతకాలము పట్టెను.

1950 ఏప్రిల్ 1వ తేదీ తెల్లవారుజామున, ముగ్గురు వైద్యులతో గూడి అలబామాయందలి టస్కీగీలో జరుగు ఉచిత వైద్యశిబిరమునకు మోటారుకారు నడుపుచు పోవుచు, ఉత్తర కరోలినాలో బర్లింగ్టనుచెంత డ్రూ నిద్రకు లోనయ్యెను. కారు తలక్రిందులై ఆయన తీవ్రముగా గాయపడెను. నల్లవాడైనందున ఆసుపత్రివారు రక్తమీయక చంపిరను వదంతి దేశమంతట ప్రాకెను. అచ్చటి తెల్ల వైద్యులు శక్తికొలది ప్రయత్నించిరనుటయే నిజము. వివక్షకు దృష్టాంతముగా కల్పితకథ అనావశ్యకము. ఆయన జీవితమే చాలును. అప్పటికాయన వయస్సు 45 సంవత్సరములు.

మన దేశమునందును తరతరములుగా విద్యకు దూరముగా నుంచబడిన కులములవారికి వైద్యకళాశాలలయందు స్థానములను ప్రత్యేకించితిమి. అది అవశ్యకర్తవ్యమే. కాని స్థానము దొరకుటతో పని ముగిసినదను భావమును విడువవలెను. ఆ విద్యార్థిని పరిశోధనశాలకు చేర్చు గురువు, పొట్టగడచుటకు చాలు వేతనము, సమానులుగా చూచు సహాధ్యాయులు, పై సంస్థలకు సిఫార్సు వ్రాయు పెద్దమనుష్యుడు ఉన్నగాని ఆ స్థానము ఫలింపదు. డ్రూను నిలిపినవి విద్యార్థివేతనములు. డ్రూ తన శిష్యులకు సమకూర్చినది తక్కినదంతయు. మన సంపన్నగృహస్థులు సత్రములకు, దేవాలయములకు నిచ్చునట్లే, వైద్యపరిశోధన చేయదలచిన పేదవిద్యార్థి కొక్కనికి ఐదేండ్ల భృతి నేర్పఱచినయెడల, మన ఆచార్యులు ఆతని కొక గంట కాలమును కేటాయించినయెడల, డ్రూ చరిత్రను చదివినందుకు ప్రయోజనము సిద్ధించునని మేము విశ్వసించుచున్నాము.