అచ్చు పోసినవాడు

కాస్టింగ్ చాప్టర్ మొదటి పేజీలో ఎవరి బొమ్మ వెయ్యాలని నన్నడిగితే యోహాన్ గుటెన్‌బర్గ్ బొమ్మ వెయ్యమంటాను. కష్టం ఏంటంటే, ఆయన బతికుండగా గీసిన బొమ్మ ఒక్కటీ దొరకలేదు.

1400 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్‌లో పుట్టాడు. 1430ల్లో స్ట్రాస్‌బుర్గ్‌లో కొందరితో కలిసి, ఆహెన్ వెళ్ళే యాత్రికులకి అమ్మడానికి చిన్న లోహపు అద్దాలు చేయించాడు. యాత్ర ఏడాది వాయిదా పడింది. సరుకు మిగిలింది, పెట్టుబడి ఇరుక్కుంది. భాగస్వామి ఒకాయన చనిపోతే ఆయన సోదరులు కోర్టుకెక్కారు.

తర్వాత ఆయన పేరు నిలబెట్టిన పని సీసపు అక్షరాలు పోయడం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, మామూలు కొలిమి చాలు. తుపాకీ గుండు గొట్టంలో పడితే సరిపోతుంది. అక్షరం అలా కాదు, పక్కనున్న వందల అక్షరాలతో ఎత్తు సరిపోవాలి. వెంట్రుకవాసి తగ్గినా సిరా అంటదు. పైగా లాటిన్‌లో 'ఐ' సన్నం, 'ఎమ్' వెడల్పు. అందుకే వెడల్పు జరుపుకోగలిగి, ఎత్తు మాత్రం మారని చేతిమూస కావాలి. ఉక్కు ముక్క మీద అక్షరాన్ని తిరగేసి చెక్కి, దాన్ని రాగిలో గుద్ది, ఆ గుంటని మూస అడుగున పెట్టి లోహం పోస్తారు. ఒట్టి సీసం మెత్తన కాబట్టి తగరం, ఆంటిమొనీ కలుపుతారు.

ఇదంతా గుటెన్‌బర్గ్ ఒక్కడే కనిపెట్టాడా? 2001లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఆయన తొలి అచ్చుల్ని కంప్యూటర్‌లో పోల్చి చూస్తే, ఒకే అక్షరం రకరకాలుగా కనిపించింది. రాగి గుంటల పద్ధతి ఆయన తర్వాత వచ్చి ఉండొచ్చని వాళ్ళ అనుమానం. అయినా పేజీకి 42 లైన్లతో సుమారు 180 బైబిళ్ళు ఆయన షాపులోనే తయారయ్యాయి.

దానికి డబ్బు యోహాన్ ఫుస్ట్ అనే షావుకారుది. 1450లో 800 గిల్డర్లు, తర్వాత ఇంకో 800. బైబిల్ పూర్తయ్యే సమయానికి, 1455లో, వడ్డీతో కలిపి రెండువేలు దాటిందని ఫుస్ట్ దావా వేశాడు. గుటెన్‌బర్గ్ దగ్గర పనిచేసిన పీటర్ షోఫర్ ఫుస్ట్ పక్షాన నిలబడ్డాడు, తర్వాత ఫుస్ట్ అల్లుడయ్యాడు. 1457లో వాళ్ళిద్దరూ ఓ ప్రార్థన పుస్తకం అచ్చేసి, చివర తమ పేర్లూ తేదీ వేసుకున్నారు.

గుటెన్‌బర్గ్ పేరు మాత్రం ఒక్క పుస్తకంలోనూ లేదు. 1465లో మైంజ్ ఆర్చిబిషప్ ఆయనకి ఏటా బట్టలు, ధాన్యం, వైన్ ఇప్పించాడు. 1468లో పోయాడు. పూడ్చిన చర్చిని తర్వాత కూల్చేశారు, సమాధి లేదు.

ఆయన బతుకులో సగం మనకి కోర్టు కాగితాల వల్లే తెలుసు. తెలుగులో మూసనీ అచ్చే అంటాం, ముద్రణనీ అచ్చే అంటాం. ఈసారి ప్రాజెక్ట్ రిపోర్టు ప్రింటవుట్ తీసేటప్పుడు, పని చేసిన వాళ్ళందరి పేర్లూ మొదటి పేజీలో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.