సవరకొండలలో గిడుగు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే తెలుగువారికి వాడుకభాషోద్యమం స్ఫురిస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవంగా జరుగుతున్నది. కాని ఆ వాదప్రతివాదాల సందడికి ఎంతో ముందే ఆరంభమై, అది సద్దుమణిగిన పిదప కూడ సాగిన కృషి ఆయనది మరొకటి ఉన్నది. దానికి సభలు లేవు, చప్పట్లు లేవు.

1863లో శ్రీకాకుళానికి ఉత్తరాన, ముఖలింగ క్షేత్రసమీపాన ఉన్న పర్వతాలపేటలో ఆయన జన్మించారు. పన్నెండవ ఏట తండ్రి వీర్రాజుగారు విషజ్వరంతో గతించారు. విజయనగరంలో గురజాడ అప్పారావుగారికి సహాధ్యాయిగా చదివి, 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై చరిత్రోపాధ్యాయులైనారు. పగలు పాఠాలు చెప్పుతూనే స్వయంగా చదువుకొని బి.ఏ. పట్టం పొందారు. ఇంతవరకు ఆనాటి ఎందరో బడిపంతుళ్ల కథ ఇదే.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. ప్రాచీన వాఙ్మయంలో కనబడే శబరులు వీరి పూర్వులేనని పండితుల ఊహ. వీరి భాష తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు. ముండాభాషల కుదురుకు చెందినది. నాటికి దానికి లిపి లేదు, తెలుగువారికి అందుబాటులో వ్యాకరణము లేదు. రామమూర్తిగారు తెలుగు తెలిసిన ఒక సవరను తమ ఇంటనే ఉంచుకొని, గురువుగా భావించి, మాట వెంట మాట నేర్చుకొన్నారు. అంతటితో తృప్తి చెందక కొండలెక్కి పల్లెపల్లె తిరిగి వారి పాటలు, కథలు వ్రాసికొన్నారు. ఎన్నో ఏళ్లు సెలవులు ఇట్లే గడచినవి.

ఆ కొండలు మలేరియాకు పుట్టినిళ్లు. జ్వరం మాటిమాటికి రావడమూ, క్వినైను మింగడమూ పరిపాటి అయినది. జ్వరమైతే తగ్గింది గాని, మందు ఆయన వినికిడిని హరించింది. లిపి లేని భాషను పట్టుకొనడానికి చెవి తప్ప సాధనమేమున్నది? పైగా సవర ఉచ్చారణలో, మాట తుదిని గొంతులో ధ్వనిని బిగబట్టి ఆపే పద్ధతి ఒకటి ఉన్నది. తెలుగు అక్షరాలకు అది అందదు. మంచి చెవి గలవాడు సైతం తడబడేచోట, చెవులు మందగించిన మనిషి పని మానలేదు. కుమారుడు సీతాపతిగారు సాయం నిలిచారు. పోగుచేసిన మాటలను మరల మరల సరిచూడటమే వారి నిత్యకృత్యమైనది.

ఆయన పని కాగితాలతో ఆగలేదు. సవర పిల్లలకు సవర మాటలలోనే వాచకాలు వ్రాసి, స్వంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. తల్లిభాషలో చదువు అనే మాట సర్వత్ర వినిపించే కాలం కాదది. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా ఆయన స్వీకరించక, ఆ సొమ్ముతో సవరలకు బడులు పెట్టుమని కోరారు. జీతపురాళ్లతో సంసారం నడిపినవారు ఇట్లు కోరడం విశేషమే.

1911లో ఉద్యోగవిరమణ చేశారు. ఆ తరువాతి వాడుకభాషోద్యమం, 1919లో స్థాపించిన 'తెలుగు' పత్రిక అందరూ ఎరిగినవే. వాడుకభాషపై ఆయన పట్టుదలకు సవరకొండలే బీజం వేసినవని అనుకొనడంలో తప్పు లేదేమో. జనం నోటిమాటకు వ్యాకరణం ఉన్నదని అచట ఆయన చెవులారా విని తెలిసికొన్నారు గదా!

సవరభాషా వ్యాకరణ గ్రంథం 1931లో అచ్చయినప్పుడు ఆయనకు అరువదియెనిమిదవ ఏడు. 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు వచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. సవరకొండలు దూరమైనవి, కాని సవర మాటల ప్రతులు చేతనే ఉన్నవి. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. తరువాత రెండేండ్లు నిండకుండానే, 1940 జనవరి 22న ఆయన కన్ను మూశారు.